తల కదపకు టీచరమ్మా

నాకు తల ఒక్కకాడ ఆగదు. మాట్లాడితే ఊగుతది, వింటే ఊగుతది, ఎవరన్న చాయ్ తాగుతవా అంటే నోటికంటే ముందు తలనే జవాబు చెప్తది. మా నాయిన మెదక్ దిక్కు మిషన్ బడిల హెడ్మాస్టరు. పొద్దుగాల ఆయన ప్రార్థన చేస్తుంటే, కండ్లు మూసుకొని నిలబడ్డ పిల్లలందర్ల నా తల ఒక్కటే ఈ భుజం మీదికోసారి, ఆ భుజం మీదికోసారి ఒరుగుతుండెనట. "నేను అడుగుతున్నది దేవుణ్ణి బిడ్డా, నడుమ నువ్వెందుకు ఔ ఔ అంటున్నవ్?" అని ఇంటికొచ్చి నవ్వుతుండె.

ఈ తల మూలంగ నా జన్మల నన్ను అందరికన్న ఎక్కువ తిట్టింది ఎవరంటే, అబిడ్స్‌ల పార్లర్ నడిపే చైనా అక్క.

తొంభైలల్ల టీచర్ ట్రైనింగ్ కోసం పట్నం వచ్చి, నాంపల్లి స్టేషన్ ఎనక మా మేనత్త వాళ్ళ కిరాయి ఇంట్ల దిగిన. పట్నం వచ్చిన కొత్తల ఎవరికైన ఒక పిచ్చి కోరిక ఉంటది. నాకు నుదురు మీద వెంట్రుకలు కత్తిరించుకోవాలెనని ఉండె. మా చర్చిల క్వయర్ పాడే సికింద్రాబాద్ పిల్లలందరికి గట్లనే ఉండె మరి. అత్తకు చెప్తే కాళ్ళిరగ్గొడ్తది. కోఠికి పోయి పాత పుస్తకాలు చూసొస్త అని చెప్పి, సీదా అబిడ్స్ పోయి ఆ పార్లర్ మెట్లెక్కిన.

లోపల గోడ పొడుగూత అద్దాలు. అక్క అప్పటికి నాకన్న కొంచెం పెద్దది, సన్నటి మనిషి, చేతిల కత్తెర. నేను ఊరి నుంచి వచ్చినదాన్ని, చైనావాళ్ళను దగ్గరి నుంచి చూసుడు అదే మొదలు. గొంతు సవరించుకొని, "ప్లీజ్, యూ కట్ హియర్" అని నుదురు చూపించిన. ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసి, "ఏంది పాపా, నీకు తెలుగు రాదా?" అన్నది. సిగ్గుతోని చచ్చిపోయిన. వాళ్ళ తాత చైనా నుంచి కలకత్తాకు, కలకత్తా నుంచి ఈడికి వచ్చిండట. ఆమె పుట్టుడు, బడికి పోవుడు, పెండ్లి చేసుకునుడు అంత అబిడ్స్ గల్లీలల్లనే అయింది.

మెడకు గుడ్డ చుట్టింది. నీళ్ళు కొట్టి దువ్వింది. కత్తెర నుదురు కాడికి తెచ్చి, "ఏం చదువుతున్నవ్?" అని అడిగింది. టీచర్ ట్రైనింగ్ అని చెప్పిన. చెప్తుంటే నా తల ఊకుంటదా? కత్తెర కసుక్కుమన్నది. "అరె! తల కదపకు టీచరమ్మా!" అని ఆమె కేక. ఆ కేకతోనే నేను టీచరునైన, సర్టిఫికెట్ తర్వాత వచ్చింది. వెంట్రుకలు చూస్తే ఒక దిక్కు పొడుగు, ఒక దిక్కు పొట్టి. అక్క పండ్లు కొరుక్కుంట శాన సేపు సరి చేసింది. ఆమె కత్తెరకు అబిడ్స్ అంతట పేరు. చేతి కింది నుంచి వంకర కటింగ్ బయటికి పోతే ఆ పూట ఆమెకు అన్నం సయించదు. ఇంటికి పోయినంక మా అత్త ఏమన్నదో రాస్తే బాగుండదు, వదిలేస్త.

తర్వాత నాంపల్లిలనే ఒక బడిల ఇంగ్లీష్ టీచరునైన. పెండ్లయింది, పిల్లలైన్రు. పార్లర్ మాత్రం మార్చలే. నెలకోసారి అదే కుర్చీ, అదే కేక, నడుమ నడుమ లోకం మీద ముచ్చట్లు.

అక్కకు ఒక్కడే తమ్ముడు. తల్లి తొందరగ పోతే ఆమెనే పెంచింది. ఆయన రెండు వేల సంవత్సరం దాటినంక యాపారం మీద చైనా పోయి, గాడనే ఒకామెను చేసుకొని గాడనే ఉండిపోయిండు. ఒక ఆడపిల్ల పుట్టింది. మేనకోడలిని చూసుకోవాలెనని అక్క పార్లర్‌ల అద్దం ముంగట కంప్యూటర్ పెట్టిచ్చింది, దాని నెత్తిమీద ఒక కెమెరా. కస్టమర్లకు క్రీములు పెట్టే జాగ పోయిందని ఆమె మొగుడు గొణిగినా ఇనలే.

చైనావాళ్ళే గదా, ఇంక భాషకేం తిప్పలు అని మీరనుకుంటరు. నేను గూడ గట్లనే అనుకున్న. అక్క వాళ్ళింట్ల తాతల నాటి ఊరి భాష, అది గూడ సగం ఉర్దూ కలిసింది. మరదలుది దూరపు ప్రాంతం, ఆమె భాష వేరు. పిల్లకు తల్లి భాషనే వచ్చింది. మెదక్ ముసలమ్మ పోయి మద్రాసు పిల్లతోని ముచ్చట పెట్టినట్టు ఉండె వీళ్ళ కథ.

అదొక్కటే అయితే అక్క ఓర్చుకుంటుండె. అసలు బాధ వేరే. కెమెరాల మేనత్త మొఖం కనబడంగనే ఆ పిల్ల చిన్నవోతుండె. రంగుల బొమ్మ గీసి చూపిస్తది, అక్క మురిసిపోయి అచ్ఛా అచ్ఛా అంటది, పిల్ల గబుక్కున బొమ్మ ఎనక దాచుకుంటది. పాట మొదలు పెడ్తది, సగంల ఆపి తల్లి ఎనకకు పోతది. ఒకనాడు నా వెంట్రుకలు కత్తిరించుకుంట అక్క అడిగింది.

"నా మొఖంల ఏమున్నది టీచరమ్మా? దయ్యం లెక్క కనబడ్తున్ననా? తమ్ముని బిడ్డ నన్ను చూసి పారిపోతది."

అద్దంల చూస్తే ఆమె కండ్ల నిండ నీళ్ళు. "ఫికర్ చెయ్యకక్కా, జర ఇంగ్లీష్ వస్తే అదే మాట్లాడ్తది" అన్న. నేను నోటికొచ్చింది అన్న. అక్క ఆ మాట గట్టిగ పట్టుకున్నది.

ఎందుకంటే అదే దినాలల్ల మరదలు బిడ్డ కోసం ఇంగ్లీష్ బడి ఎతుకుతున్నది. ఇంట్ల కూసొని కంప్యూటర్‌ల నేర్చుకునే బళ్ళు చైనాల అప్పుడే కొత్తగ వస్తున్నయట. చేర్చే ముందు ఒక క్లాసు ఊరికె చెప్తరు, నచ్చితేనే చేరుడు. మరదలు ఒక్కతే చూస్తే అయిపోతుండె. పక్కింటి తల్లి, పై అంతస్తు తల్లి గూడ వాళ్ళ పిల్లల కోసం చూసుకోవాలెగద! ముగ్గురు పిల్ల ఎనక వరసగ కూసొని, ఇంగ్లీష్ ఒక్క ముక్క రాకున్నా, టీచరు మొఖం చూసి మార్కులేస్తున్నరు. అచ్చం పెండ్లిచూపులే అనుకోండ్రి. ఒక టీచరు నవ్వది. ఇంకొకాయన మాటిమాటికి గడియారం చూస్తడు. ఒక బడిల టీచరమ్మ కోతిబొమ్మ పట్టుకొని ఎగిరెగిరి దుంకితే పిల్ల సంబురపడ్డది గని, పై అంతస్తామెకు తలనొప్పి లేచిందట. ఈ ముచ్చట్లన్ని తమ్ముడు ఫోన్‌ల చెప్తే, అక్క నా జుట్టు పట్టుకొని నాకు చెప్పేది. నేను ఇంటికి పోయి మా ఆయనకు చెప్పేదాన్ని. చైనాల ఒక పిల్లను ఏ బడిల చేర్చాల్నో నాంపల్లిల మేం అన్నం తినుకుంట కొట్లాడుకుంటుంటిమి.

ఆఖరికి బంగారు జుట్టు టీచరు ఒకామె ముగ్గురు తల్లులకు నచ్చింది. ఆ క్లాసయినంక తమ్ముడు పిల్లతోని అక్కకు ఫోన్ చేయించిండు, ఇంగ్లీష్‌ల మాట్లాడమని. పిల్ల గడగడ ఏందో అప్పజెప్పి ఫోన్ పెట్టేసింది. మర్నాడు బడి ఇడవంగనే అక్క నాకోసం గేటు కాడ నిలబడి ఉన్నది.

"ఒక్క ముక్క సమజ్ కాలే టీచరమ్మా. నోట్ల గోళీలు పెట్టుకొని మాట్లాడినట్టున్నది. అది మన అబిడ్స్ ఇంగ్లీష్ కాదు."

నాకు నవ్వాగలే. అక్క నవ్వలే.

"ఎండకాలం సెలవులకు తమ్ముడు, మరదలు, పిల్ల ముగ్గురు ఈడికొస్తున్నరు. అప్పటికి ఆ పిల్ల నాతోని నాలుగు మాటలు మాట్లాడాలె. నాకు ఇంకేం వద్దు. నువ్వు నేర్పు. నీ ఇంగ్లీష్ నాకు సమజ్ అయితది, నీ కాడ నేర్చుకుంటే దాని ఇంగ్లీష్ గూడ అయితది."

"నేనెట్ల నేర్పాలె? వాళ్ళు బడి చూస్తున్నరక్కా, నాకేం బడి ఉన్నది?"

"నేను మరదలికి చెప్పిన. హైదరాబాద్‌ల గూడ ఒక ఆన్‌లైన్ బడి ఉన్నది, మంచి పేరున్నదని."

"ఏ బడి?"

"నువ్వే!"

గట్ల మొదలైంది నా ఆన్‌లైన్ బడి. ఆదివారం అబిడ్స్ దుకాణాలన్ని బంద్, అక్క గూడ షట్టర్ సగం దించి పెడ్తది. ఆరాధన అయినంక పట్టుచీర మీదనే వచ్చి, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలల్ల ఒక జంతువుల బొమ్మల పుస్తకం కొనుక్కొని, వంగి షట్టర్ కింది నుంచి లోపలికి దూరిన. క్లాసుల టీచరు తప్ప వేరే మనిషి ఉండొద్దని మరదలు చెప్పిందట. అక్క బయట మెట్ల మీద కూసున్నది. లోపట నేను, కటింగ్ కుర్చీ, కంప్యూటర్, దాని ఎనక ఇంత పొడుగు అద్దం. తెర మీద ఆ పిల్ల, ఎనక ముగ్గురు తల్లులు. నిజం చెప్తున్న, ఇన్స్‌పెక్షన్‌కు డీఈఓ వచ్చినప్పుడు గూడ నాకు గంత చెమట పట్టలే.

పిల్ల ముద్దుగ ఉన్నది, రెండు జడలు. ఏనుగు బొమ్మ చూపించిన. "ఎలిఫెంట్" అన్నది టక్కున. నేను మురిసిపోయిన. పిల్ల నా దిక్కు చూసి ఆగింది. "కౌ?" అన్నది. ఇదేంది, వచ్చింది వచ్చినట్టే మరిచిపోయిందా? "ఎలిఫెంట్, ఎలిఫెంట్" అన్న. పిల్ల మెల్లగ "ఎలిఫెంట్" అన్నది. శభాష్ బిడ్డా అని ఇంకింత మురిసిన. దాని కింది పెదవి వణికింది. పిల్లి బొమ్మకు ఒక్కసారే మూడు జంతువుల పేర్లు చెప్పి, ఏదన్న నచ్చుతదేమోనని నా మొఖం చూసింది. కోడి బొమ్మ వచ్చేసరికి నోరే తెరవలే. తల్లి లేచొచ్చి దండం లెక్క తల వంచి కెమెరా బంద్ చేసింది.

తమ్ముని ఫోన్ గప్పుడే వచ్చింది. అక్క నా ముంగటనే ఇన్నది, ఇని నెమ్మదిగ చెప్పింది. "నువ్వు మంచిదానివేనట. కానీ బాగ కోపిష్టి టీచరట. పిల్ల ఏం చెప్పినా కాదు కాదు అంటున్నవట."

"నేనా! నేను కాదన్ననా! ఆ ముగ్గురు తల్లులకు కండ్లున్నయా, గవ్వలా?" అని లేచిన. కుర్చీల చీర కొంగు ఇరుక్కున్నది, అది గుంజుకొని మరీ లేచిన. ఇన్నేండ్ల సర్వీసుల పిల్లలు నన్ను చూసి నవ్విన్రు గని ఒక్కరు ఏడ్వలే. ఆ కోపంల బస్సు గూడ ఎక్కకుండ నాంపల్లి దాక నడిచిన. ఇంట్ల మా ఆయన ఎట్లయింది అని అడిగితే ఆయన మీద గూడ అరిచిన. నా కోపం నా మీదనో, చైనా మీదనో నాకే తెల్వలే. పిల్ల పెదవి వణికింది మాత్రం కండ్ల ముంగట నుంచి పోలే.

అక్క ఊకోలే. తమ్ముణ్ణి బతిమిలాడింది, తమ్ముడు పెండ్లాన్ని బతిమిలాడిండు. మళ్ళ ఆదివారం ఇంకొక క్లాసు చూస్తమన్నరు. "ఈసారి నేను లోపటనే ఉంట. మరదలు చెప్పేది మరదలు చెప్తది" అని అక్క పక్క కుర్చీల, కెమెరాకు కనబడకుండ కూసున్నది.

మొదటి బొమ్మనే మళ్ళ ఏనుగు. పిల్ల భయపడుకుంట "ఎలిఫెంట్" అన్నది. నేను "వెరీ గుడ్" అన్న. పక్కల నుంచి ఇస్‌స్ అని చప్పుడు. చూస్తే అక్క నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని, నా దిక్కు కాదు, అద్దం దిక్కు చూస్తున్నది. అద్దంల నా తల. ఈ భుజం మీదికి, ఆ భుజం మీదికి, గుడిగంట లెక్క ఊగుతున్నది. కింద తెర మీద మూలకు చిన్నగ మళ్ళ నేనే. అవి నెట్టు గుంజి గుంజి వచ్చే దినాలు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే నా తల ఊపుడు అచ్చం కాదు కాదు కాదు అన్నట్టే ఉన్నది. నేనన్న వెరీ గుడ్ పిల్లకు ఎప్పటికో చేరుతది, చేరినా దానికి అర్థం కావాలె గదా. అది చూసేది నా తలనే.

అక్క ఇంక ఆపుకోలేక కుర్చీల నుంచి జారి నేల మీద కూసొని నవ్వింది. నాకు ముందు రోషమొచ్చింది, తర్వాత నాకూ నవ్వొచ్చింది. గంతల అక్క నవ్వు టక్కున ఆగింది.

"టీచరమ్మా, నేను గూడ గట్లనే ఊపుతనా?"

"నువ్వు ఊపకుంటే ఇంకెవరు ఊపుతరక్కా? అబిడ్స్‌ల పుట్టినదానివి."

ఆమె నేల మీదనే ఉండిపోయింది. "బొమ్మ చూపించినప్పుడల్ల బాగున్నది బిడ్డా అంటున్న అనుకున్న. దానికి బాగలేదు, పో అన్నట్టు కనబడ్డది. పాట పాడితే ఆపు అన్నట్టు కనబడ్డది. ఇన్ని దినాలు నా బిడ్డను నేనే ఎల్లగొట్టిన గదా!" అని తువ్వాల మొఖానికి పెట్టుకున్నది. ఇప్పటిదాక నవ్విన మనిషి ఎక్కెక్కి ఏడ్చింది. నాకు దుఃఖమాగలే. చైనాల ముగ్గురు తల్లులు, ఒక పిల్ల, ఇక్కడ ఏమైతుందో తెల్వక నోళ్ళు తెరిచి చూస్తున్నరు.

తర్వాత అక్క లేచింది. మొఖం తుడుచుకొని సీదా నా కుర్చీ ఎనకకొచ్చి, రెండు చేతులతోని నా తల గట్టిగ పట్టుకొని, "తల కదపకు టీచరమ్మా!" అని కేకేసింది. నేను "ఔ అక్కా" అన్న. అన్నందుకు తల ఊగబోయింది, ఆమె పట్టుకున్నది. నేను గుంజిన, ఆమె బిగబట్టింది. తెర మీద పిల్ల చూసింది. ముందు కండ్లు పెద్దగయినయి. తర్వాత కిలకిలా నవ్వింది. ఆ నవ్వు మాకు బొమ్మ కన్న ఆలస్యంగ వచ్చింది గని, వచ్చింది. మేనత్తను చూసి ఆ పిల్ల నవ్వుడు అదే మొదలు.

తమ్ముణ్ణి పిలిపిచ్చి సంగతి చెప్తే ఆయన నెత్తి కొట్టుకున్నడు. చైనా పోయిన కొత్తల ఆయన తల ఊపుడు చూసి దుకాణాలల్ల జనం తికమక పడుతుంటే, కష్టపడి మానుకున్నడట. ఇంట్ల పెండ్లానికి ఈ సంగతి చెప్పాలెనని ఆయనకు తోచనే లేదు. ఆ దినం క్లాసుల ఏనుగు పోయింది, పిల్లి పోయింది. తల ఇట్ల ఊపితే ఔ, ఇట్ల ఊపితే కాదు, అదే పాఠం. పిల్లకు రెండో సారికే వచ్చింది. తల్లులు గూడ నేర్చుకోబోయిన్రు. పై అంతస్తామెకు మెడ పట్టేసినట్టున్నది, లేచి పోయింది.

మరదలు ఆఖరికి ఏం చేసింది? వారమంత బంగారు జుట్టు బడి, ఆదివారం నా బడి. సగం మార్కులే ఇచ్చింది అని నేను మూతి ముడుచుకున్న. అక్క మాత్రం గాలిల తేలింది. ఆ ఆదివారాలు ఎంత బాగుండెనో ఏం చెప్పాలె! క్లాసయినంక పిల్ల తన బొమ్మలన్ని తీసి ఒక్కొక్కటి చూపించేది, అక్క ఒక్కొక్క దానికి మెడ ఊడేటట్టు ఊపేది, పిల్ల ఇంకొకటి తెచ్చేది.

ఎండకాలం వచ్చింది. వాళ్ళు కలకత్తాల దిగి, అక్కడి చుట్టాలను చూసుకొని, రైలుల నాంపల్లికొచ్చిన్రు. అక్క తెల్లారకముందే లేచి తయారైందట. ఇంగ్లీష్ మాటలు దారి పొడుగూత నాకు అప్పజెప్పింది. రైలు దిగిన పిల్ల తల్లి గౌను పట్టుకొని నిలబడ్డది. అక్క ఎదురుంగ నిలబడ్డది. నేర్చుకున్న మాటలన్ని ఎటు పోయినయో, నోట్ల నుంచి ఒక్కటి రాలే. తల మాత్రం ఊపింది, పిచ్చిదాని లెక్క. పిల్ల ఒక్క క్షణం చూసి, తిరిగి ఊపింది. ప్లాట్‌ఫారం మీద కూలీలు సామాన్లు దించుకుంట మమ్మల్ని తిట్టిన్రు, మేం జరగలే.

మర్నాడు పార్లర్‌ల పిల్లకు కటింగ్. కుర్చీ చేతుల మీద అడ్డంగ చెక్క పెట్టి కూసోబెట్టింది. మెడకు గుడ్డ చుట్టి, నీళ్ళు కొట్టి, కత్తెర నుదురు కాడికి తెచ్చింది.

"యూ లైక్ హైదరాబాద్, బేటా?" అని అడిగింది.

"ఎస్ ఆంటీ. బట్ వెరీ హాట్" అన్నది పిల్ల, అచ్చం మన అబిడ్స్ ఇంగ్లీష్‌ల. అంటుంటే తల ఊగింది. కత్తెర కసుక్కుమన్నది. కేక కోసం నేను చెవులు మూసుకున్న.

కేక రాలే. "మ్యాంగో ఈటింగ్?" అని అక్క ఇంకొకటి అడిగింది. మళ్ళ తల, మళ్ళ కత్తెర. "స్కూల్ గుడ్? టీచర్ గుడ్?" అడుగుతనే ఉన్నది, పిల్ల ఊపుతనే ఉన్నది. తల్లి పక్క కుర్చీల కూసొని ఇద్దర్ని మార్చి మార్చి చూస్తున్నది. గుడ్డ ఇప్పినంక చూస్తే, ఒక దిక్కు పొడుగు, ఒక దిక్కు పొట్టి. చెప్పకుండ ఉండలేకపోయిన.

"అక్కా, వంకర పోయింది."

"తెలుసు."

"సరి చెయ్యవా?"

అక్క అద్దంల పిల్లను చూసుకుంట కత్తెర పక్కకు పెట్టింది. "సరి చెయ్యాలంటే తల కదపకు అనాలె టీచరమ్మా. నేననను" అన్నది.